ఇరవై ఎనిమిదేళ్లకు తీర్పు: పాత హత్య కేసులు తిరగదోడాలా, వద్దా?

కోనసీమ పాఠకురాలు

ఇంట్లో మొదలైన వాదన ఇక్కడికి తెస్తున్నాను. ఏళ్ల తరబడి తేలని హత్య కేసులను పోలీసులు మళ్లీ తెరిస్తే ఒరిగేదేమీ లేదని మా అన్నయ్య అంటాడు. సాక్షుల్లో కొందరు పోతారు, ఉన్నవాళ్లకు సగమే గుర్తుంటుంది, చివరికి ఎవరో ఒకరి మెడకు చుట్టేస్తారని వాడి భయం. నేను ఒప్పుకోలేకపోతున్నాను. నా మనసులో ఉన్నది సిస్టర్ అభయ కేసు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1992 మార్చి 27న కేరళలోని కొట్టాయంలో, క్రైస్తవ సన్యాసినుల కాన్వెంట్ హాస్టల్ బావిలో ఆమె శవం దొరికింది. ఆమె కూడా సన్యాసినే, ప్రీ డిగ్రీ, అంటే మన ఇంటర్ లాంటిది, చదువుతున్న అమ్మాయి. పరీక్షకు చదువుకుందామని తెల్లవారుజామున లేచి, మంచినీళ్ల కోసం వంటగదికి వెళ్లింది. పొద్దున చూస్తే ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది, నీళ్ల సీసా నేల మీద పడి ఉంది, ఒక చెప్పు వంటగదిలోనే ఉండిపోయింది. ఇవన్నీ చూశాక కూడా స్థానిక పోలీసులు, తర్వాత క్రైమ్ బ్రాంచి వాళ్లు ఆత్మహత్య అని రాసేశారు. చచ్చిపోదామనుకున్న పిల్ల దాహానికి ఫ్రిజ్ తీసి, సీసా వదిలేసి, ఒంటి చెప్పుతో బావి దాకా నడుస్తుందా?

1993లో కేసు సీబీఐ చేతికి వచ్చింది. ఇది హత్యేనని తేల్చిన అధికారి వర్గీస్ పి. థామస్, ఆత్మహత్య అని రాయమని ఒత్తిడి తెస్తున్నారంటూ ఉద్యోగమే వదులుకున్నారు. కేసు మూసేస్తామని సీబీఐ 1996లో, 1999లో, 2005లో కోర్టును అడిగింది. మూడుసార్లూ కోర్టు కుదరదంది. 2008లో అరెస్టులు జరిగాయి. 2020 డిసెంబరులో తిరువనంతపురం సీబీఐ ప్రత్యేక కోర్టు చర్చి మతగురువు ఫాదర్ థామస్ కొట్టూర్‌కు, అదే కాన్వెంటు సన్యాసిని సిస్టర్ సెఫీకి జీవిత ఖైదు వేసింది. అభయ కన్న తల్లిదండ్రులు ఆ తీర్పు వినలేదు. నాలుగేళ్ల ముందే, 2016లో ఇద్దరూ పోయారు. అదే నాకు బాధ. 1996లోనే కోర్టు సరే మూసెయ్యండి అనుంటే, ఆ పిల్ల తనంతట తానే దూకిందనే మాట అలాగే నిలిచిపోయేది కదా?

గుంటూరు వకీలు

మీ బాధ అర్థమైందమ్మా. కానీ కథ 2020తో అయిపోలేదు. 2022 జూన్‌లో కేరళ హైకోర్టు ఆ ఇద్దరి శిక్ష అమలు నిలిపేసి బెయిల్ ఇచ్చింది. అప్పీలు వేరే నడవాలి. కాబట్టి "న్యాయం జరిగింది" అని అప్పుడే అనేయకూడదు.

చట్టం సంగతికొస్తే, హత్యకు కాలపరిమితి లేదు. ముప్పై ఏళ్ల తర్వాతైనా కేసు పెట్టొచ్చు, కొత్త ఆధారం దొరికితే తదుపరి దర్యాప్తు చేయొచ్చు. నన్ను భయపెట్టేది ఆధారం నాణ్యత. అభయ కేసులో ముఖ్య సాక్షి ఎవరో తెలుసా? అడక్కా రాజు అని పిలిచే ఒక దొంగ. కాన్వెంటు డాబా మీద పిడుగు పడకుండా పెట్టిన రాగి సామాను ఎత్తుకుపోవడానికి ఆ రాత్రి వెళ్లాడు, అక్కడ మనుషులను చూశానన్నాడు. నేరం నువ్వే చేశావని ఒప్పుకో అంటూ క్రైమ్ బ్రాంచి వాళ్లు తనను చిత్రహింసలు పెట్టారని కూడా కోర్టులో చెప్పాడు. ఒప్పుకుని ఉంటే? ఆ కేసు ఎప్పుడో "తేలిపోయేది". ఒక అమాయకుడు జైల్లో ఉండేవాడు.

2007లో నిందితులకు నార్కో పరీక్షలు, అంటే మత్తుమందు ఇచ్చి ప్రశ్నలు అడగడం, చేశారు. ఆ వీడియోలు టీవీల్లో వచ్చాయి, జనం అప్పుడే తీర్పు ఇచ్చేసుకున్నారు. 2010లో సెల్వి అనే వేరే కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టం లేకుండా నార్కో చేయడమే రాజ్యాంగ విరుద్ధమంది. పాత కేసులో అసలు ఆధారాలు లేనప్పుడు పోలీసులు ఇలాంటి అడ్డదారులు తొక్కుతారు. మీ అన్నయ్య మాటను అంత తేలిగ్గా తీసెయ్యకండి.

చిన్నూరి వాడు

నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదువుతానంతే. కానీ ఇది మా ఇంటి సంగతి.

మా బాబాయిని 1996లో పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లినప్పుడు చంపేశారు. ఎవరో తేలలేదు. పదేళ్లకు కొత్తగా వచ్చిన ఒక అధికారి ఫైలు మళ్లీ తీశాడు. ఊళ్లో పదిమందిని పిలిచి రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టాడు. వాళ్లలో ఇద్దరు మా నాన్నకు వరసకు అన్నదమ్ములే. ఏమీ తేలలేదు, ఆయనకు బదిలీ అయింది, ఫైలు మళ్లీ బీరువాలోకి పోయింది. మిగిలిందేమిటంటే ఆ రెండు కుటుంబాలతో ఇప్పటికీ మాకు మాటల్లేవు. పెళ్లిళ్లకు పిలుపుల్లేవు. నాయనమ్మ మాత్రం తను చనిపోయేదాకా, పోలీసు జీపు చప్పుడు వినపడితే చాలు, వీధి అరుగు మీదకు పరుగెత్తేది.

అందుకే అడుగుతున్నాను. ఏం పట్టుకుని తెరుస్తారు? చేతిలో కొత్తది ఏదైనా ఉంటే తెరవండి. ఊరికే తెరిస్తే ఆరిన పుండును మళ్లీ గెలికినట్టే.

శాక్రమెంటో నుంచి

ఆ ప్రశ్నకు మా ఊళ్లోనే ఒక జవాబు ఉంది. 1970ల నుంచి 1986 దాకా కాలిఫోర్నియాలో పదమూడు హత్యలు, యాభై దాకా అత్యాచారాలు చేసినవాడు దొరకనే లేదు. 2018 ఏప్రిల్‌లో ఇక్కడే దొరికాడు. జోసెఫ్ డిఏంజెలో, ఒకప్పటి పోలీసు. అప్పటికి 72 ఏళ్లు. దర్యాప్తు చేసినవాళ్లు నేరస్థలంలో దొరికిన డీఎన్‌ఏను, జనం తమ వంశవృక్షం తెలుసుకోవడానికి వాడే వెబ్‌సైట్‌లో పెట్టి దూరపు చుట్టాలను పట్టుకున్నారు. అక్కడి నుంచి కొమ్మ కొమ్మా దిగుతూ అతని దాకా వచ్చారు. 2020లో నేరాలు తానే ఒప్పుకున్నాడు.

మన బంధువు ఎవరో ఉమ్మి నమూనా ఇచ్చినందుకు మన గుట్టు పోలీసుల చేతికి పోవడం సరైనదా అని ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. మధ్యలో ఒరెగాన్‌లో ఒక ముసలాయన నమూనా పొరపాటున తీసుకున్నారు కూడా. ఆ భయం నాకూ ఉంది. కానీ అసలు సంగతి వేరు. ఆ డీఎన్‌ఏ వచ్చింది వెంచురా కౌంటీలో 1980 నాటి హత్యకు సంబంధించిన నమూనా నుంచి. దాన్ని ముప్పై ఏడేళ్లు చెడకుండా దాచారు. దాచిన రోజుల్లో దాంతో ఇలాంటి పని చేయొచ్చని ఎవరికీ తెలియదు.

బెజవాడ

దాచారు అన్నారు చూడండి, ఆ మాట దగ్గరే నా కడుపు మండుతుంది.

2007 డిసెంబరులో మా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయి హత్య మీకు గుర్తుండే ఉంటుంది. 2008లో ఒక కుర్రాడిని పట్టుకున్నారు. అసలు దోషి అతను కాదని ఆ పిల్ల కన్నతల్లే మొత్తుకుంది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లో గడిచిపోయాయి. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. వాళ్లు ఆధారాలు చూద్దామంటే విజయవాడ కోర్టులో అవి లేవు. అప్పీలు హైకోర్టులో ఉండగానే ధ్వంసం చేసేశారు! ఇక దారి లేక 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి ఎముకలు బయటకు తీశారు. కన్నవాళ్లకు అంతకన్నా నరకం ఉంటుందా?

అభయ కేసులోనూ ఆమె బట్టలు, డైరీ అలాగే నాశనం చేశారు. తెరవాలా వద్దా అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం గానీ, తెరిచాక లోపల ఏముందని? కేసు తేలేదాకా ప్రాపర్టీ, అంటే కేసులో పట్టుకున్న వస్తువులు, జాగ్రత్త చేయనివాడి మీద, తగలబెట్టినవాడి మీద ముందు కేసు పెట్టాలి.

గుంటూరు వకీలు

దీనికి నేను ఎదురు చెప్పను. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో కోర్టు ప్రాపర్టీ గదులు చూశాను. గోనె సంచుల్లో చీటీలు ఊడిపోయి, చెదలు పట్టి ఉంటాయి. ఏది ఏ కేసుదో గుమాస్తాకే తెలియదు. రక్తం మరక ఉన్న గుడ్డ వానకు తడిస్తే ఇక ఏ ల్యాబ్ ఏం చెబుతుంది?

చిన్నూరి తమ్ముడూ, మీ బాబాయి గారి కేసులో మళ్లీ మనుషులను పిలిపించమని అడగకండి. పంచనామాలో ఏమేం రాశారు, అవి ఇప్పుడు ఎక్కడున్నాయి, అది అడగండి. కాగితం మీద రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

కోనసీమ పాఠకురాలు

అన్నయ్యకు ఇదంతా చదివి వినిపించాను. సమాధి తవ్వారన్న దగ్గర ఆపమన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా మాటా కొంచెం మారింది. తెరవాలని ఇప్పటికీ అంటాను. కానీ పది మందిని స్టేషన్లో కూర్చోబెట్టడాన్ని దర్యాప్తు అనను.

చిన్నూరి వాడు

ఆ రోజు బాబాయి వేసుకున్న గళ్ల చొక్కా, తలకు చుట్టుకున్న తువ్వాలు పోలీసులు సంచిలో కట్టి తీసుకెళ్లారని నాయనమ్మ చెప్పేది. సోమవారం స్టేషన్‌కు వెళ్లి అడుగుతాను.