మార్చి రెండో శనివారం పండిత రమాబాయి సభ – ఎవరెవరు ఏం చూస్తున్నారు?

కార్యక్రమం బాధ్యత: అందరికీ నమస్తే. మహిళా దినోత్సవానికి ఈసారి చీరల ఫ్యాషన్ షో వద్దు, వితంతు బాలికలకి బడి పెట్టిన సంస్కర్త పండిత రమాబాయి మీద సభ చేద్దామని కమిటీలో గట్టిగా అన్నది నేనే కాబట్టి, పనంతా నా నెత్తినే పడింది. హాలు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మనది. ఆరు దాటితే అదనపు అద్దె. పోయినసారి కట్టాం, గుర్తుంది కదా.

మార్చిలోనే ఎందుకంటే, 1886 మార్చి మొదట్లో రమాబాయి ఓడ దిగింది మన ఫిలడెల్ఫియాలోనే. ఆ నెల 11న ఇక్కడి మహిళా వైద్య కళాశాలలో, మన దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా అందుకుంటుంటే చూడటానికి వచ్చింది. దూరపు బంధువులు వాళ్ళు. వెంట కూతురు మనోరమ, ఇంకా ఐదేళ్ళు నిండలేదు. భర్త కలరాతో పోయి నాలుగేళ్ళు. చంటిపిల్లతో పద్దెనిమిది గంటల విమానానికే నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఈమె ఆ పిల్లని వెంటబెట్టుకుని అట్లాంటిక్ దాటింది.

వంటల టీమ్: మంచి ఆలోచనే వదినా. కానీ ఆవిడ మరాఠీ కదా? మనవాళ్ళలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు లేరా? జనం అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచు.

కార్యక్రమం బాధ్యత: దుర్గాబాయి గారికి వచ్చే ఏడాది చేద్దాం, నేనే చేస్తాను. రమాబాయికీ మన నేలకీ ఒక సంబంధం ఉంది, అది చెబితే ఇంకెవరూ అడగరు. పుట్టింది 1858లో, కన్నడ దేశంలోని గంగామూల అడవిలో. తండ్రి అనంతశాస్త్రి భార్యకి సంస్కృతం నేర్పినందుకు పండితులతో తగువు పడ్డ మనిషి. ఆ కుటుంబం పురాణం చెప్పుకుంటూ గుడి నుంచి గుడికి నడిచేది. 1870ల కరువులో చేతిలో డబ్బు అయిపోయింది. కూలి పని రాదు, అడుక్కోవడానికి మొహం చెల్లదు. ఇక చచ్చిపోదామనే తిరుపతి అడవిలోకి వెళ్ళారట. పదకొండు రోజులు నీళ్ళు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్ళు. ఇదంతా ఆమె స్వయంగా రాసుకుంది. కొన్నాళ్ళకే తండ్రి, తర్వాత తల్లి, అక్క పోయారు. మిగిలిన అన్నతో దేశమంతా నడిచి 1878లో కలకత్తా చేరితే, అక్కడి పండితులు ఇరవై ఏళ్ళ పిల్లకి ‘పండిత’, ‘సరస్వతి’ అని బిరుదులిచ్చారు.

వంటల టీమ్: సరే, నోరు మూసుకున్నా. అయితే టేబుల్ మీద చిన్న కప్పుల్లో ఖర్జూరాలు పెడదామా, ఆ ఈతపళ్ళకి గుర్తుగా?

తెలుగు బడి టీచర్: వద్దమ్మా. పదకొండు రోజుల ఆకలిని మనం స్టార్టర్‌గా వడ్డించకూడదు.

వంటల టీమ్: అవును, ఆ మాట నిజమే. పులిహోర, మిర్చి బజ్జి, టీ. అంతే. నూట ఇరవై మందికి లెక్క వేస్తున్నా. ఆర్‌ఎస్‌వీపీ ఇవ్వకుండా వచ్చేవాళ్ళ సంగతి మీరే చూసుకోండి.

పెద్దల విభాగం: అమ్మా, అన్నీ బాగున్నాయి. ఒక్క విషయం. ఆవిడ మతం మారిన సంగతి వేదిక మీద ఎత్తకపోతే మంచిదేమో. అనవసరంగా వాట్సాప్‌లో వారం రోజులు రచ్చ అవుతుంది. నేను ఏ పక్షమూ కాదు, టెన్షన్ భరించలేక చెబుతున్నా.

కార్యక్రమం బాధ్యత: బాబాయ్ గారూ, మీ భయం నాకు అర్థమైంది. కానీ అది తీసేస్తే ఆమె కథే నిలబడదు. 1883లో ఇంగ్లండ్‌లో క్రైస్తవం తీసుకుంది. 1889 మార్చి 11న, సరిగ్గా ఆనందీబాయి పట్టా తీసుకున్న తేదీనే, బొంబాయిలో శారదా సదన్ తెరిచింది, ముఖ్యంగా వితంతు బాలికల కోసం. తర్వాత అది పుణెకి మారింది. 1893లో ఈ మతం గొడవ ముదిరి సంస్కర్తలు రానడే, భండార్కర్ సదన్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు, చాలామంది పిల్లల్ని ఇళ్ళవాళ్ళు తీసుకుపోయారు. అటు చర్చి పెద్దలకైనా తలొంచిందా అంటే అదీ లేదు. మగపిల్లలకి పాఠం చెప్పకూడదని బిషప్పులు అంటే వాళ్ళతోనూ ఉత్తరాల్లో వాదించింది. రెండు వైపులా చెబుదాం. పొగడ్తా వద్దు, తిట్టూ వద్దు. ఆ రెండు నిమిషాలు నేనే మాట్లాడతాను, మాట పడితే నా మీదే పడుతుంది.

పెద్దల విభాగం: నువ్వు చెబుతానంటే సరేనమ్మా. ముందు వరసలో కూర్చుంటాను.

హాల్, సౌండ్: ప్రొజెక్టర్ నా దగ్గరుంది. కేబుల్ లేదు. కార్డ్‌లెస్ మైకులు రెండే, స్కిట్‌లో ఆరుగురు పిల్లలుంటే కుదరదు. సంక్రాంతికి మైకు చేతులు మారుతుంటే సగం డైలాగులు గాల్లో కలిసిపోయాయి.

తెలుగు బడి టీచర్: ముగ్గురే మాట్లాడతారు తమ్ముడూ. కరువు సీను పిల్లలతో వేయించను, అది సభ నడిపే అక్క మాటల్లో వస్తే చాలు. నేను రాసింది గంగామూల పొద్దు. ఇంటి చాకిరీ మొదలవకముందే తల్లి లక్ష్మీబాయి పాపని నిద్రలేపుతుంది. నేల మీద పడుకున్న పిల్లని మెల్లగా ఎత్తి, ముద్దు మాటలతో బుజ్జగించి పాఠం మొదలుపెడుతుంది. పుస్తకం ఉండదు. తల్లి నోటి మాటే పుస్తకం. చుట్టూ పిట్టల కూతలు. ఆ పిట్టల గోల మా రెండో తరగతి వాళ్ళది, దానికి మైకు అక్కర్లేదు, నన్ను నమ్ము.

కార్యక్రమం బాధ్యత: పిన్నీ, అద్భుతం. దాని వెంటే పుస్తకం అంకితం చదివిద్దాం. ‘ది హై కాస్ట్ హిందూ వుమన్’ 1887లో ఈ ఊళ్ళోనే వచ్చింది, అంకితం ఆ తల్లికే. ముందుమాట రాసింది వైద్య కళాశాల డీన్ రేచెల్ బాడ్లీ. పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అమ్మకాల మీద వచ్చిన డబ్బు ఆమె పెట్టబోయే వితంతు బాలికల బడి కోసమే. ఆ ఏడాది చివర్లోనే బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ పెట్టి, పదేళ్ళపాటు బడికి డబ్బిస్తామని మాటిచ్చారు. మన కోశాధికారి ఈ లైను రెండుసార్లు చదువుకోవాలి.

కోశాధికారి: చదివాను. పదేళ్ళు అక్కర్లేదు, పోయినేడు సభ్యత్వం కట్టని ముప్ఫై మంది కడితే చాలు.

ఫొటోల టేబుల్: ఆనందీబాయి, ఆమెతో చదివిన జపాన్ అమ్మాయి, సిరియా అమ్మాయి ముగ్గురూ వాళ్ళ వాళ్ళ బట్టల్లో నిలబడ్డ 1885 ఫొటో డ్రెక్సెల్ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉంది. వాడుకోవడానికి అనుమతి అడుగుతూ మెయిల్ పెట్టాను. జవాబు వచ్చాకే ప్రింటు.

మనోరమ పాత్ర పాప అమ్మ: చిన్న సందేహమండీ. పట్టా ఇచ్చే సీనులో మా పాపకి ఒక్క డైలాగైనా లేదు. ఊరికే కొంగు పట్టుకుని నిలబడాలంటే ఏడుస్తోంది. మనోరమ తర్వాత ఏమైందో కూడా అడుగుతోంది.

కార్యక్రమం బాధ్యత: పెద్దయ్యాక తల్లి బళ్ళలోనే పనిచేసింది. 1921లో తల్లి కంటే ముందే పోయింది. రమాబాయి ఆ తర్వాత తొమ్మిది నెలలు కూడా లేదు, 1922 ఏప్రిల్ 5న పోయింది. పాపకి ఇప్పుడే చెప్పకండి, మొదటి సగం చాలు.

తెలుగు బడి టీచర్: డైలాగు రాశాను. ‘‘అమ్మా, మనం ఇంటికెప్పుడు వెళ్తాం?’’ రమాబాయి ఏం జవాబు చెప్పాలో మాత్రం రెండు రోజులుగా తోచట్లేదు. ఇంకో మూడేళ్ళ దాకా ఆమె వెనక్కి వెళ్ళలేదు కదా.

కార్యక్రమం బాధ్యత: జవాబు చెప్పకుండా పాప జుట్టు సవరిస్తే చాలు పిన్నీ. రిహార్సల్ గురువారం ఏడింటికి, మా బేస్‌మెంట్‌లో. చెప్పులు బయట విప్పండి, కార్పెట్ కొత్తది. కేబుల్ ఎవరు తెస్తున్నారో ఇంకా ఎవరూ చెప్పలేదు.