మూడో తరగతి ప్రాజెక్టు ఎవరు చెయ్యాలి? పిల్లలా, మనమా?

అమలాపురం అమ్మ:
పోయిన గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం పెడుతుంటే మా వాడు చల్లగా చెప్పాడు: "అమ్మా, రేపు ధవళేశ్వరం బ్యారేజీ మోడల్ తీసుకెళ్ళాలి." సోమవారమే డైరీలో రాశారు. నేను చూడలేదు, ఆ తప్పు నాదే. మా వారు బండేసుకుని గడియార స్తంభం సెంటర్‌కి వెళ్ళేసరికి స్టేషనరీ షాపు షట్టర్ సగం దించేశారు. థర్మాకోల్ షీట్లు సాయంత్రమే అయిపోయాయట. రెండు చార్టులు, ఒక ఫెవికాల్ డబ్బా తెచ్చారు.

ఇక పెరట్లోకి వెళ్ళాం. గెల కొట్టేసిన అరటిచెట్టు పడి ఉంది. రెండు దొప్పలు ఒలిచిచ్చాను. ఒకటి గోదావరి, ఒకటి కాలువ అన్నాడు. చీపురులోంచి ఈనెలు లాగి, అంగుళం ముక్కలు విరిచి, దొప్పకి అడ్డంగా వరసగా గుచ్చాడు. అవి గేట్లు. అసలు బ్యారేజీకి ఎన్ని అంటే 175 అన్నాను. ముప్పై రెండు గుచ్చేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా లేవడే. అది ఒక్క గోడ కాదురా, నదిలో లంకలున్నాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు అని చెబితే బంకమట్టి ముద్దలు లంకలుగా పెట్టాడు. మిగిలిన మట్టి ఈనెల సందుల్లో మెత్తాడు. చెంబుతో నీళ్ళు పోశాను. అడ్డుకట్ట దగ్గర ఆగి, మట్టం లేచి, పక్క దొప్పలోకి మళ్ళాయి. "అమ్మా, నీళ్ళు పైకొచ్చాయి! అందుకే కాలువలోకి పోతున్నాయి!" అని అరిచాడు. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట చేసిన పని కూడా ఇదే. ఇంజన్ లేదు, మోటారు లేదు, నీటి మట్టం పెంచడమే.

తెల్లారేసరికి దొప్ప అంచులు నల్లబడ్డాయి. బడిలో వెనక వరసలో పెట్టారు. "నీట్‌గా లేదు" అని రాసి బి గ్రేడు ఇచ్చారు. ముందు వరసలో లైట్లు వెలిగే థర్మాకోల్ బ్యారేజీ. అది 1,200 పెట్టి చేయించామని ఆ పాప నాన్నే గేటు దగ్గర నాతో అన్నారు.

నా మాట ఇది: ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతిలో ఏం వస్తే దానికే మార్కు వెయ్యాలి. మీరేమంటారు?

రావులపాలెం నాన్న:
అక్కా, మా పాప ప్రాజెక్టులు నేనే చేస్తాను. దాచుకోవడానికేం లేదు. పోయినేడు తను ఒక్కతే చేసుకెళ్ళిన చార్టు చూసి తోటిపిల్లలు నవ్వారు. ఆటో దిగి, సంచి గుమ్మంలో పడేసి, మర్నాడు బడికి వెళ్ళనని ఏడ్చింది. ఆ ఏడుపు మీరు చూడలేదు. పైగా నేను అరటి యార్డులో పనిచేస్తాను, పాప నిద్ర లేవకముందే వెళ్ళిపోతాను. రాత్రి ఆ గంటే మా ఇద్దరికీ దొరికేది. నేను కోస్తాను, తను అంటిస్తుంది. అది తప్పెలా అవుతుందండీ?

పాలకొల్లు టీచర్:
పద్నాలుగేళ్ళుగా ప్రైమరీకి చెబుతున్నాను. బల్ల మీద పెట్టగానే ఎవరి చెయ్యో తెలిసిపోతుంది. తెలిసి కూడా అందంగా ఉన్నదాన్నే ముందు పెడతాం, ఎందుకంటే ఆ రోజు పెద్దవాళ్ళు చూడ్డానికొస్తారు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాను. 2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి 2 గంటలు మించొద్దంది. ఒక్క మోడల్‌కే ఆ రెండు గంటలూ చాలవు. అందుకే ఈ ఏడు నుంచి మోడళ్ళు క్లాసులోనే చేయిస్తున్నాను. ఇంటి నుంచి అగ్గిపెట్టెలు, కొబ్బరి పీచు, పాత శుభలేఖలు తెమ్మంటాను, అంతే. గది అంతా చెత్తే, ఊడ్చుకోవడానికి అరగంట పడుతుంది. పడనీండి.

రాజోలు అమ్మమ్మ:
నేను చెబుతుంటే మా మనవడు టైపు చేస్తున్నాడు. మా మనవరాలు నాలుగో తరగతి. దాని తల్లి కువైట్‌లో ఉంది. "అమ్మానాన్నల సాయంతో చేయండి" అని డైరీలో రాస్తారంట. నాకు అక్షరం ముక్క రాదు. ప్రతిసారీ పక్కింటివాళ్ళని బతిమాలుకోవాలి, వాళ్ళూ ఎన్నిసార్లని చేస్తారు? ఆ టీచరమ్మ చెప్పినట్టు బడిలోనే చేయిస్తే ఈ పిల్ల అందరితో సమానంగా ఉంటుంది బాబూ.

రావులపాలెం నాన్న:
అమ్మమ్మగారూ, మీ మాటకి నా దగ్గర జవాబు లేదండీ. నేను మా పాప ఒక్కదాని గురించే ఆలోచించాను. కానీ ఇంట్లో చెయ్యమని ఇచ్చినంత కాలం దాన్ని ఒంటరిగా వదిలెయ్యలేను.

అమలాపురం అమ్మ:
వదిలెయ్యమని నేనూ అనను తమ్ముడూ. దొప్ప ఒలిచింది నేనేగా, కత్తి వాడి చేతికివ్వలేను. కానీ గేటు ఎక్కడ పెట్టాలి, మట్టి ఎంత మెత్తాలి అన్నది వాడే తేల్చుకున్నాడు. అక్కడ నేను చెయ్యి పెట్టి ఉంటే ఆ అరుపు నాకు వినపడేది కాదు.

అమ్మమ్మగారు చెప్పింది చదివాక నిన్న వాళ్ళ టీచర్ దగ్గరికి వెళ్ళాను. గ్రేడు మార్చమనలేదు. మార్కు వేసేముందు ప్రతి పిల్లనీ ఒక్క ప్రశ్న అడగండి, నీళ్ళు కాలువలోకి ఎలా వెళ్తాయని, అన్నాను. ఆవిడ అప్పటికప్పుడు మా వాణ్ణి పిలిచి అడిగారు. చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. వచ్చేసారి అందర్నీ అడుగుతానన్నారు. క్లాసులో చేయించే సంగతి మాత్రం ఇంకా తేలలేదు, మళ్ళీ వెళ్తాను.

ఆదివారం బొబ్బర్లంక వెళ్తున్నాం. మన కోనసీమ కాలువకి నీళ్ళు అక్కడే మళ్ళుతాయని చెప్పినప్పటి నుంచి ఒకటే గొడవ. మిగతా 143 గేట్లూ లెక్కపెడతాడట.