నాన్న అరికాలి గడ్డ రిపోర్టులో ‘ఎక్రిన్ పోరోమా’ అని వచ్చింది, ఇది క్యాన్సరేనా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

నాన్నకి 58 ఏళ్లు, టైలర్. రెండేళ్ల కిందట కుడి అరికాలి పక్కన చిన్న కాయలా లేచింది. ఆనెకాయ అనుకుని మందుల షాపులో ఇచ్చిన ప్లాస్టర్ వేశాం. తర్వాత ఒకరు పులిపిరి అన్నారు, కాల్పించాం. మూడు నెలల్లో మళ్లీ వచ్చింది. ఇప్పుడు రేగుపండంత ఉంది, ఎర్రగా, తడితడిగా. చుట్టూ సన్నటి గాడి, మొక్క మొదట్లో పాదు చేసినట్టు. మిషను తొక్కితే చాలు, రక్తం. కాలు పెట్టే పలక మీద మరక చూసి అమ్మ అడిగితే నూనె అన్నారట. అది తెలిశాక నేనే పట్టుబట్టి బరంపురం తీసుకెళ్లాను.

ముక్క తీసి పరీక్షకి పంపారు. నిన్న రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు సోమవారం గానీ దొరకరు. ‘ట్యూమర్’ అన్న మాట విన్నప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (స్కిన్ పీజీ)

టెన్షన్ పడకండమ్మా, ఇది క్యాన్సర్ కాదు. చెమట గ్రంథి నుంచి పైకి వచ్చే గొట్టం కణాల్లో పుట్టే గడ్డ. 1956 నుంచి వైద్య పుస్తకాల్లో ఉన్నదే, కానీ అరుదు. ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో వస్తుంది. అందుకే పులిపిరి అనుకుంటారు. రంగు లేని మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కూడా చూపుకి ఇలాగే ఉండొచ్చు, కాబట్టి ముక్క తియ్యకుండా తేల్చకూడదు. మీరు చెప్పిన పాదులాంటి గాడి మాకు మంచి ఆనవాలు. మైక్రోస్కోపులో ఒకే తీరు చిన్న కణాలు, మధ్యలో సన్నటి గొట్టాలు కనిపిస్తాయి.

ముక్కే తీశారా, గడ్డంతా తీశారా అడగండి. కొంచెం మిగిలినా మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే అరుదుగా క్యాన్సర్‌గా మారొచ్చు. తీసిన గడ్డని మళ్లీ పరీక్షకి పంపించి, అంచుల్లో ఏమీ మిగల్లేదని రాయించుకోండి.

జవాబు 2 (గుణుపూర్)

మా అత్తకి మడమ దగ్గర వేరే గడ్డ తీశారు. అరికాలి గాయం తొందరగా మానదు తల్లీ, నడిచిన కొద్దీ కుట్లు లాగుతాయి. ముందే మిషనుకి మోటారు పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు

ముక్కే తీశారటండీ. గురువారం మొత్తం తీస్తారు. అంచుల సంగతి అడిగాను, రిపోర్టులో రాస్తారన్నారు. మోటారు వద్దు, ఎడమ కాలితో తొక్కుతానని నాన్న పట్టు. కుట్లు విప్పాక ఎలాంటి చెప్పులు వేయించాలి?