కొత్తగా కట్టే పౌరాణిక నాటకానికి సెట్టూ డ్రెస్సులూ ఒకే డిజైనరా, ఇద్దరా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

తెరవెనక
ఇంగ్లండు థియేటర్లో సెట్టూ డ్రెస్సులూ ఒకరే డిజైన్ చేయడం పాత వాడుక. న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లలో ఎక్కువగా ఇద్దరుంటారు. మన పరిషత్తు నాటకాల్లో ఈ ప్రశ్న పెద్దగా రాదు. సెట్ ఒకచోట, డ్రెస్సులు ఇంకోచోట అద్దెకు తెస్తాం. రెండూ కలిసి ఎలా ఉన్నాయో చూసేసరికి మేకప్ మొదలైపోతుంది. అద్దె సరుకు కాకుండా అంతా కొత్తగా చేయించే పౌరాణికానికైతే ఏం చేయాలి? నా ఓటు ఒకరికే. అందం కోసం కాదు, కొలతల కోసం.

5 అడుగుల 8 అంగుళాల నటుడికి 14 అంగుళాల కిరీటం పెడితే 6 అడుగుల 10 అంగుళాలు. గుమ్మం ఫ్లాట్ (చెక్క చట్రానికి గుడ్డ బిగించిన సెట్ గోడ) మామూలు ఇంటి లెక్కన 6 అడుగుల 6 అంగుళాలకు కోశారనుకోండి. విడివిడిగా చూస్తే రెండు డ్రాయింగుల్లోనూ తప్పు లేదు. దుర్యోధనుడు మాత్రం నిండు సభలోకి తల వంచుకుని వస్తాడు! భుజకీర్తులూ అంతే. రెండు వైపులా కలిపి 30 అంగుళాలు దాటితే రెండున్నర అడుగుల గుమ్మంలో ఏ వీరుడైనా పక్కకు తిరిగి దూరాల్సిందే.

కుట్టుమిషన్
దానికి ఒకే మనిషి ఎందుకండీ? ఒక కాగితం చాలు. కిరీటంతో ఎత్తు, భుజాల వెడల్పు, కూర్చున్నప్పుడు కుచ్చెళ్ల చుట్టుకొలత, మెట్టు ఎత్తు, గుమ్మం కొలత రాసి ఇద్దరూ సంతకం పెడితే సరి.

అసలు చిక్కు చివరి వారంలో ఉంటుంది. ఫ్లాట్లు నిలబెట్టే రోజే డ్రెస్సుల రెండో ట్రయల్ పడుతుంది. వడ్రంగి అక్కడ పిలుస్తాడు, టైలర్ ఇక్కడ పిలుస్తాడు. ఒక్కరే ఉంటే ఎప్పుడూ నష్టపోయేది డ్రెస్సే, ఎందుకంటే సెట్ కూలితే అందరికీ కనిపిస్తుంది, చంక కింద కుట్టు పిగిలితే వేసుకున్నవాడికే తెలుస్తుంది. పక్క కుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదిలారా, దృశ్యం మధ్యలో మార్చే చీరకు కుచ్చెళ్లు ముందే కుట్టి కొక్కేలు పెట్టారా అని చూసే తీరిక ఆ మనిషికి ఉండదు. వెల్‌క్రో పెట్టి చేతులు దులుపుకుంటాడు. నిశ్శబ్ద సన్నివేశంలో ఆ చర్రుమనే చప్పుడు మూడో వరుస దాకా వినిపిస్తుంది.

పైగా రెండు పనులకూ కలిపి ఒకటే పారితోషికం. ‘ఒకే దృష్టి’ అనే మాట వెనక చాలాసార్లు దాక్కునేది ఇదే.

లైట్ల బాక్స్
ఇద్దరూ నన్ను మర్చిపోయారు. ఎర్ర పట్టుచీర మీద ఆకుపచ్చ లైటు పడితే చీర నల్లబడుతుంది. అడవి సీనుకు ఆకుపచ్చ వాష్ (స్టేజీ అంతా పరుచుకునే లైటు) వేస్తే సీతమ్మ చీర ఏ రంగో ప్రేక్షకుడికి తెలియదు. నాసిరకం ఎల్ఈడీల్లో ఇంకో తంటా: కంటికి తెల్లగానే కనిపించే ఆ వెలుగులో ఎరుపు పాలు తక్కువ, కుంకుమ రంగు ఇటుక రంగులోకి దిగిపోతుంది. డిజైనర్ ఒకరైనా ఇద్దరైనా, గుడ్డ కొనేముందు జానెడు ముక్కను రంగు వేసిన ఫ్లాట్‌కు గుచ్చి, అసలు వాడబోయే లైటు కింద ప్రేక్షకుల సీట్లోంచి చూడాలి. పగటి వెలుతురులో కొట్టుముందు నిలబడి ఎంచిన రంగును నమ్మకండి.

ఒకరా ఇద్దరా అంటే నేను ఇద్దరికే. డాలీ అహ్లువాలియాకు 2001లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది దుస్తుల డిజైన్‌కే. కలకత్తాలో బహురూపి నాటక బృందం వాళ్ల 1954 ‘రక్తకరబి’ (టాగోర్ నాటకం) అంటే ఖాలెద్ చౌధురీ సెట్ గుర్తొస్తుంది. రెండూ జీవితకాలం పట్టే విద్యలు.

తెరవెనక
పెద్ద పేర్లు సరే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక సమాజం సంగతేమిటి? తెరలు, ట్రిక్కులు, వేషాలు అన్నీ ఆ కుటుంబాల చేతుల్లోనే నడిచాయి. తీగ మీద నారదుడు దిగే దృశ్యమే తీసుకోండి. నడుముకు కట్టే బెల్టు సెట్ వాళ్లదా, డ్రెస్ వాళ్లదా? మొదటి ట్రయల్ బెల్టు లేకుండా చేస్తే తర్వాత నడుము కొలత రెండు మూడంగుళాలు పెరిగి పంచె బిగుసుకుంటుంది. తీగ బయటికి వచ్చే చోట వెనక చీలిక ఉండాలి, దాని అంచుకు లోపల ఇంకో పొర వేసి కుట్టాలి, లేకపోతే రెండో ప్రదర్శనకే చిరుగుతుంది. బరువంతా బెల్టు మీదే పడాలి, గుడ్డ మీద కొంచెం కూడా పడకూడదు. ఈ పని సగం సగం పంచుకునేది కాదు.

కుట్టుమిషన్
బెల్టు విషయంలో ఒప్పుకుంటున్నాను. అయితే సురభిది ఉమ్మడి కుటుంబం, ఒక డిజైనర్ కాదు. అక్కడ ఒకరికి పది మంది చేతులు సాయం. ఇక్కడ ఒకరికి రెండు చేతులే.

ఫ్లాటు మేకు
ఎవరూ ఎత్తనిది నిప్పు. హారతి పళ్లెం ప్రాపర్టీ (స్టేజీ సామాను) వాళ్లది, పక్కన వేలాడే పైట కొంగు డ్రెస్ వాళ్లది. పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుకు నిప్పు ఇట్టే పాకుతుంది. నూలు తెరలకైతే 10 లీటర్ల వేడినీళ్లలో 700 గ్రాముల బోరాక్స్, 300 గ్రాముల బోరిక్ ఆసిడ్ కరిగించి, తడిసి ముద్దయ్యేలా స్ప్రే కొట్టి ఆరబెట్టాలి. ఉతికితే మందు పోతుంది, మళ్లీ కొట్టాలి. ముదురు రంగు తెర మీద తెల్ల పొడి తేలుతుంది కాబట్టి ముందు ఓ మూల కొట్టి చూడండి. ఆరిన ముక్కను బయటికి తీసుకెళ్లి అగ్గిపుల్లతో పరీక్షించాకే తెర ఎత్తాలి. పట్టు చీరల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు, మరకలు పడతాయి. ఆ సీనులో కొంగు నడుముకు దోపడమే దారి.

ఇద్దరు డిజైనర్లున్నచోట ఈ పని ఎవరిదో ముందే రాసుకోండి. ఒక్కరే ఉంటే కనీసం డ్రెస్సుల వైపు ఒక సహాయకుడిని పెట్టి, వాళ్ల డబ్బు విడిగా ఇవ్వండి.

తెరవెనక
సహాయకుడికి సరే. ఆ డబ్బు డిజైనర్ పారితోషికంలోంచి కోయకూడదు, అది కూడా ఒప్పందంలో రాయాలి.

కుట్టుమిషన్
అలా రాసి ఇచ్చే నాటక సమాజం ఉంటే మీ ఒక్క డిజైనర్‌కు నేనూ ఓటేస్తాను.