అచ్చు తీసిన తాబేలా, మట్టితో మలిచిన తాబేలా?

వేళచ్చేరి బొమ్మలవాడు:
చెన్నైలో ఫైబర్ గ్లాస్ బొమ్మలు చేస్తుంటాను. ఒక స్కూలువాళ్ళు గేటు దగ్గర పెట్టడానికి ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేలు బొమ్మ అడిగారు, "అచ్చం అసలుదానిలా ఉండాలి" అని షరతు పెట్టారు. నా దగ్గర పనిచేసే కుర్రాడేమో, "అన్నా, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినదాని మీద సిలికాన్ పోసి అచ్చు తీసేద్దాం, ఒక్క గీత కూడా తప్పదు" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అలాగని వాడి మాట తీసిపారేయలేకపోతున్నాను. మీరేమంటారు?

పెరంబూరు మేస్త్రీ:
అచ్చే మేలు తమ్ముడూ. పార్కుల్లో నేను చూసిన సముద్ర తాబేళ్ళలో చాలావాటికి చెరువు తాబేలు కాళ్ళే ఉన్నాయి. డిప్ప సంగతి చూడు. రిడ్లీకి నడిమి వరసకు అటూ ఇటూ ఆరేసి పలకలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటాయి. ఒక వైపు ఆరు, రెండో వైపు ఏడు కూడా ఉండొచ్చు. పచ్చ తాబేలుకైతే నాలుగేసే. చేత్తో మలిచేవాడు అందం కోసం రెండు వైపులా సమానం చేసేస్తాడు. అచ్చు అలా చెయ్యదు.

లాయర్ గారమ్మాయి:
ఒక్క మాట. సముద్ర తాబేళ్ళు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. చచ్చినదాన్నైనా అనుమతి లేకుండా వర్క్‌షాపుకు తెచ్చుకోకూడదు. ఆ పని మాత్రం చెయ్యకండి.

బెసెంట్ నగర్ సరళ:
చట్టం పక్కన పెట్టినా నేను ఒప్పుకోను మేస్త్రీ గారూ. 2025 జనవరిలో మన తీరానికి వందల తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కుకుని, ఊపిరికి పైకి రాలేక చనిపోయినవే ఎక్కువ. నేను దగ్గర నుంచి చూశాను. కళ్ళు బయటికి పొడుచుకొచ్చి, మెడ ఉబ్బిపోయి ఉన్నాయి. వాటి మీద అచ్చు తీస్తే మీకొచ్చేది తాబేలు కాదు, దాని చావు. పిల్లలు రోజూ దాన్నే చూస్తూ లోపలికి వెళ్ళాలా?

న్యూయార్క్ మ్యూజియంలో 94 అడుగుల నీలి తిమింగలం బొమ్మ ఉంది. 1969లో పెట్టారు. 1925లో దొరికిన చచ్చిన తిమింగలం ఫొటోలు చూసి చేసింది. 2003లో హాలు మళ్ళీ తెరిచేటప్పటికి కళ్ళ ఉబ్బు తగ్గించారు, తోక సన్నం చేశారు, బొడ్డు పెట్టారు. అంత పెద్ద మ్యూజియంకే చచ్చినదాన్ని చూసి చేస్తే పొరపాటు తప్పలేదు.

1988 నుంచి మన విద్యార్థులు నీలాంకరై వైపు నుంచి బెసెంట్ నగర్ దాకా రాత్రిళ్ళు టర్టిల్ వాక్ చేస్తున్నారు, అంటే గుడ్లు పెట్టే తాబేళ్ళ కోసం ఒడ్డు వెంట నడుస్తారు. నేనూ వెళ్ళాను. గుడ్లు పెట్టాక రిడ్లీ తల్లి గుంట పూడ్చి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఇసుకను దబదబ కొట్టి గట్టి చేస్తుంది. కళ్ళ నుంచి ఉప్పునీరు కారుతుంది, దానికి ఇసుక అంటుకుని ఉంటుంది. నడిచేటప్పుడు కుడి ముందు కాలు, ఎడమ వెనక కాలు ఒకసారి, ఆ తర్వాత మిగతా రెండూ. అందుకే దాని జాడ ఇసుకలో ఎడాపెడాగా పడుతుంది. పచ్చ తాబేలు మాత్రం ముందు కాళ్ళు రెండూ ఒక్కసారే వేస్తుంది. ఇది ఏ అచ్చులో వస్తుంది చెప్పండి?

పెరంబూరు మేస్త్రీ:
కళ్ళ సంగతి, నడక సంగతి ఒప్పుకుంటానమ్మా. పలకల లెక్క మాత్రం వదలను. మట్టి పని మొదలుపెట్టే ముందే, ఒకే తాబేలును నిలువుగా పైనుంచి తీసిన ఫొటో ఒకటి సంపాదించి, డిప్ప పొడవు అరవై అయిదు, డెబ్భై సెంటీమీటర్లకు పెంచి, పలకలు కాగితం మీద గీసుకోమనండి. ఎడమా కుడీ వేరుగా ఉంటే అలాగే ఉంచాలి, సరిదిద్దకూడదు.

వేళచ్చేరి బొమ్మలవాడు:
ఇద్దరికీ థాంక్స్. మట్టికే నిర్ణయించుకున్నాను. నిన్న రాత్రి ఇనుప చువ్వలతో చట్రం కట్టాం, కుడి ముందు కాలు ముందుకు, ఎడమది వెనక్కి. కుర్రాడు చూసి, "అన్నా, వంకరగా ఉంది" అన్నాడు. సరళ గారూ, వచ్చే జనవరిలో వాణ్ణి మీతో వాక్‌కు పంపిస్తాను.