7 యుద్ధనౌకలు ఒకదాని వెనక ఒకటి పోయి రాళ్లకు ఎట్ల గుద్దుకున్నాయి? తెలిసినోళ్లు చెప్పండప్పా

కడప_మహేష్:
అన్నలూ, మా తమ్ముడు నేవీకి సెలెక్ట్ అయినాడు, ట్రైనింగ్‌కి ఒడిశాలో చిల్కాకు పోవాల. మా ఇంట్లో ఎవురికీ సముద్రం గురించి తెల్దు, మాకు నీళ్లంటే పెన్న, మైలవరం డ్యామ్, అంతే. అందుకని నేవీ గురించి దొరికిందల్లా చదువుతాండా. అట్ల చదువుతాంటే 1923లో అమెరికాలో జరిగిన హోండా పాయింట్ ప్రమాదం కనపడింది. 14 డిస్ట్రాయర్లు (వేగంగా పోయే చిన్న సైజు యుద్ధనౌకలు) శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌డియాగోకు పోతాంటే సెప్టెంబర్ 8 రాత్రి 7 ఓడలు ఒడ్డు రాళ్ల మీద పడి పగిలిపోయినాయంట, 23 మంది సచ్చిపోయినారంట. యుద్ధమా లేదు, ఎదురుగా శత్రువా లేడు.

నా డౌట్ ఒకటే. ముందర ఓడ దారి తప్పింది, గుద్దుకుంది, సరే. రెండోది, మూడోది, అట్ల ఏడోదాని దాకా ఎట్ల పోయినాయి? ప్రతి ఓడలో ఒక కెప్టెన్ ఉంటాడు, దారి లెక్కేసే ఆఫీసర్ ఉంటాడు కదా, ఒక్కనికన్నా అనుమానం రాలేదా? ఇది చదివినప్పటి నుంచి నాకు మనసులో అదే తిరుగుతాంది.

మాజీనేవీ_కర్నూలు:
మహేష్, ముందు మీ తమ్మునికి నా తరఫున శుభాకాంక్షలు చెప్పు. నేను కర్నూలు వాణ్ణే, వైజాగ్‌లో పని చేసి రిటైర్ అయినా. నువ్వడిగింది మంచి ప్రశ్న, కొంచెం పొడుగ్గా చెప్తా.

ఆ రోజు అన్ని ఓడలూ 20 నాట్ల స్పీడ్‌లో ఉన్నాయి, అంటే గంటకు 37 కిలోమీటర్లు, సెకనుకు 10 మీటర్లు. ఓడకీ ఓడకీ మధ్య ఎడం రెండు మూడు వందల గజాల లోపే. లెక్కేసుకో, ముందు ఓడ రాయికి కొట్టుకున్నాక వెనకోనికి మిగిలేది ఇరవై ముప్పై సెకన్లు. ఓడకు బ్రేకుండదు, ప్రొపెల్లర్లు వెనక్కి తిప్పాల, అది జరిగి స్పీడ్ తగ్గేసరికి ఉన్న దూరం అయిపోతాది. పైన చీకటి, దట్టమైన పొగమంచు. ఘాట్ రోడ్డులో మంచు పడినప్పుడు ముందు లారీ ఎర్రలైటు పట్టుకుని పోయే లారీల మాదిరే అనుకో.

సరిగ్గా 9 గంటలకు ముందరుండే డెల్ఫీ ఎడమకు తిరిగింది, దాదాపు నేరుగా తూర్పుకు. సాంటాబార్బరా చానల్, అంటే ఒడ్డుకూ దీవులకూ మధ్యన ఉండే సముద్రపు సందు, దాని మొదలు వచ్చేసింది అనుకున్నారు. నిజానికి ఇంకా ఉత్తరంగానే ఉన్నారు, తూర్పున ఉండేది చానల్ కాదు, కొండ. ఐదు నిమిషాలకే డెల్ఫీ అదే 20 నాట్ల స్పీడ్‌లో పోయి రాళ్లకు తగిలింది. వెనకున్న ఎస్.పి.లీ చూసి పక్కకు తిప్పింది కానీ అదీ ఒడ్డుకే పోయి ఆగింది. మూడోది యంగ్, దాని అడుగు రాయికి చీలిపోయి రెండు నిమిషాలు కూడా కాకముందే పక్కకు ఒరిగిపాయ. చనిపోయిన 23 మందిలో 20 మంది దాంట్లోవాళ్లే, మిగతా ముగ్గురు డెల్ఫీలో. తర్వాత వుడ్‌బరీ, నికొలస్, ఫుల్లర్. చాన్సీ అయితే యంగ్ వాళ్లను కాపాడదామని దగ్గరికి పోయి తానూ చిక్కుకుంది, దాన్ని గుడ్డిగా పోయిందనడం అన్యాయం. ఫారగట్, సోమర్స్ నేలకు తగిలి కూడా బయటపడినాయి. మిగతా 5 ఓడలకు ఏం కాలే.

నీ ప్రశ్నకు సూటి జవాబు: దారి చూసే పని ఫ్లాగ్‌షిప్‌ది, అంటే కమాండర్ ఉండే ముందు ఓడ డెల్ఫీది, మీరు నా వెనక రాండి అనేది ఆర్డర్. వెనకోళ్లలో కొందరికి అనుమానం వచ్చింది కూడా. కానీ లైన్ విడిచిపెట్టి పోయే అలవాటు అప్పటి డిస్ట్రాయర్ వాళ్లలో లేదు.

సర్వేపాఠాలు_అనంతపురం:
నేను పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ చెప్తాను, ఈ ప్రమాదాన్ని నా క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను కాబట్టి రాస్తున్నా. పై అన్న చెప్పింది వెనక ఓడల సంగతి, అసలు తప్పు ముందు ఓడ చార్ట్ టేబుల్ మీద ఉంది.

అప్పట్లో జీపీఎస్ లేదు, రాడార్ లేదు. ఇంత స్పీడ్‌లో, ఇంత దిక్కుకు, ఇన్ని గంటలు వచ్చినాం కాబట్టి ఇక్కడున్నాం అని లెక్క కట్టేవాళ్లు, దాన్నే డెడ్ రెకనింగ్ అంటారు. స్పీడ్ అనేది ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగింది అనేదాన్ని బట్టి తీసుకుంటారు, కింద నీళ్లు ఎటు లాగుతున్నాయో ఆ లెక్కకు తెలీదు. గంటగంటకు తప్పు పెరుగుతూ పోతుంది. దాన్ని సరిచేయాలంటే బయట నుంచి ఒక ఆధారం కావాలి, లైట్‌హౌస్ కానీ నక్షత్రం కానీ లోతు కానీ.

ఆ ఆధారం వాళ్లకు దొరికింది, అదే నాకు బాధ. ప్రమాదం జరిగిన చోటికి దగ్గర్లోనే పాయింట్ ఆర్గ్వెల్లోలో రేడియో స్టేషన్ ఉండేది, ఓడ పంపే సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పేది. మీరు మాకు ఉత్తరంగా ఉన్నారు అని చెప్పింది. అయితే ఆ కాలం యంత్రాలకు ఒక లోపం ఉంది, సిగ్నల్ గీత తెలుస్తుంది కానీ ఆ గీత మీద ఇటు వైపా అటు వైపా అనేది పొరబడొచ్చు. డెల్ఫీ కెప్టెన్ హంటర్, మొత్తం ఓడల గుంపుకు పెద్ద అయిన స్క్వాడ్రన్ కమాండర్ వాట్సన్ ఇద్దరూ మనం దక్షిణానికి దాటేసినాం, స్టేషన్ వాళ్లే తిరగేసి చెప్తున్నారు అనుకున్నారు. కొత్త యంత్రం మీద నమ్మకం లేదు, సొంత లెక్క మీద ఉంది. అప్పుడైనా స్పీడ్ తగ్గించి లోతు చూసి ఉంటే ఒడ్డు దగ్గర పడుతోందని తెలిసిపోయేది. తగ్గించలేదు, ఎందుకంటే యుద్ధకాలం మాదిరి 20 నాట్లతో ఆగకుండా పోవాలనేది ఆ ప్రయాణం ఉద్దేశం.

తుంగభద్ర_బాబు:
సార్, అంతకు వారం ముందు సెప్టెంబర్ 1న జపాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది కదా, కాంటో భూకంపం, దానివల్ల సముద్రంలో ప్రవాహాలు మారిపోయి ఓడలు పక్కకు పోయినాయని చదివినా నేను. మరి అది ప్రకృతి చేసిన పని కాదా, మనుషుల్నే ఎందుకు తిట్టేది?

సర్వేపాఠాలు_అనంతపురం:
బాబూ, ఆ వాదన ఉంది, ప్రవాహం మారి ఉండొచ్చు, నేను కాదనను. అదే రోజు దగ్గర్లోని శాన్ మిగెల్ దీవి దగ్గర క్యూబా అనే ప్రయాణికుల ఓడ కూడా రాళ్లకు తగిలింది. కానీ ప్రవాహం మారిందన్న సంగతి కనిపెట్టడానికే కదా రేడియో బేరింగూ (స్టేషన్ చెప్పే దిక్కు) లోతు కొలతా ఉండేది. నీళ్లు ఎప్పుడూ మన లెక్క ప్రకారం నడవవు, నడవవని తెలిసే నావికులకు ఇన్ని పద్ధతులు నేర్పేది. ఇందులో నేను రాజీ పడను.

గుంతకల్లు_శిరీష:
అందరూ లెక్కల గురించే రాస్తాండారు, ఆ రాత్రి మనుషులు ఎట్ల బయటపడినారో కూడా చెప్పాల కదా. 7 ఓడల్లో వందల మంది ఉన్నారు, 23 మందే పోయినారంటే అది మామూలు విషయం కాదు. యంగ్ ఒరిగిపోయినాక నావికులు దాని పక్క గోడ మీదికి ఎక్కి, ఇంధనం ఆయిల్‌తో జారిపోతాంటే ఒకర్నొకరు పట్టుకుని ఉన్నారు. ఒకాయన తాడు తీసుకుని ఆ చల్లని నీళ్లల్లో దూకి చాన్సీ దాకా ఈదినాడు, ఆ తాడు వెంబడి తెప్ప లాక్కుంటా మిగతావాళ్లను చేర్చినారు.

ఇంకొకటి, అక్కడ కొండ పైన రైలు పట్టాలు పోతాయి. చప్పుడు విని సాయానికి దిగిన వాళ్లలో పట్టాల మీద పనిచేసే గ్యాంగ్ మనుషులు ఉన్నారు. మా నాయన గుంతకల్లు డివిజన్‌లో గ్యాంగ్‌మన్, అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పోయే పని ఎట్లుంటాదో మాకు తెలుసు, అందుకే ఆ మనుషుల పేర్లు ఎవురూ తల్చుకోకపోవడం నాకు కష్టంగా అనిపిస్తాది.

మాజీనేవీ_కర్నూలు:
బాగా రాసినావమ్మా. బాబూ, నువ్వు మనుషుల్ని తిట్టడం గురించి అడిగినావు కదా, వాట్సన్ విషయం ఒకటి చెప్పాల. కోర్ట్ మార్షల్‌లో, అంటే సైనిక విచారణలో, ఆయన భూకంపాన్నీ రేడియో స్టేషన్‌నూ అడ్డం పెట్టుకోలా, బాధ్యత మొత్తం తనదేనని చెప్పినాడు. ఆయనకూ హంటర్‌కూ శిక్ష పడింది, సీనియారిటీ పోయింది. తప్పు తప్పే, కానీ ఆ మాట చెప్పినందుకు నాకాయన మీద గౌరవం ఉంది.

దారి తప్పి రాళ్లకు తగలడం అప్పటికే పాత కథ. 1707లో ఇంగ్లండ్ దగ్గర సిల్లీ దీవుల రాళ్లకు అడ్మిరల్ షోవెల్ ఓడలు నాలుగు పోయినాయి, వెయ్యి మంది పైనే మునిగిపోయినారు. అది జరిగిన ఏడేళ్లకు, 1714లో, సముద్రంలో రేఖాంశం కనుక్కునే పద్ధతికి 20,000 పౌండ్ల బహుమతి పెట్టినారు. 1906లో మాంటాగ్యూ అనే బ్రిటిష్ యుద్ధనౌక లండీ దీవికి తగిలి పనికిరాకుండా పోయింది, దాన్నుంచి లైట్‌హౌస్‌కు పోయినవాళ్లు ఇది వేరే చోటు అని కాపలావానితోనే వాదించినారు.

కడప_మహేష్:
చానా థాంక్స్ అన్నా, సార్, శిరీషక్కా. అయితే ఇప్పుడు జీపీఎస్, రాడార్ అన్నీ ఉండాయి కదా, ఇట్లాంటివి ఇంక జరగవు అని మా అమ్మకు చెప్పొచ్చా? ఆమె ఇదంతా విని అన్నం కూడా సరిగ్గా తినలే.

మాజీనేవీ_కర్నూలు:
జరగవు అని చెప్పొద్దు, అబద్ధమవుతాది. 2020 అక్టోబర్‌లో మన వైజాగ్ తెన్నేటి పార్క్ దగ్గర బంగ్లాదేశ్ సరుకు ఓడ గాలికి కొట్టుకొచ్చి రాళ్ల మీద ఆగింది చూసే ఉంటావు. 2024 అక్టోబర్‌లో న్యూజిలాండ్ నేవీ ఓడ మనవనుయి సమోవా దగ్గర పగడపు దిబ్బకెక్కి మునిగిపాయ, అది సముద్రం అడుగు సర్వే చేసే ఓడే. ఆటోపైలట్ ఆన్‌లో ఉండిపోయింది, ఓడ మాట వినడం లేదని వీళ్లు ఇంకేదో చెడిపోయిందనుకున్నారు. కానీ 75 మంది ఉంటే 75 మందీ ప్రాణాలతో బయటపడినారు, అమ్మకు ఈ మాట చెప్పు.

ఇప్పుడు ఒడ్డు దగ్గర పడితే జీపీఎస్ ఒక్కదాన్నే నమ్మరు. రాడార్‌లో దూరం చూస్తారు, కంటికి కనపడే గుర్తుల నుంచి బేరింగ్ తీస్తారు, శబ్దం కిందికి పంపి లోతు కొలిచే ఎకో సౌండర్‌తో లోతు చూస్తానే ఉంటారు, దానికి ఓడ నిదానం చేయాల్సిన పని లేదు. లుకౌట్‌లో, అంటే చుట్టూ చూసే కాపలాలో, నిలబడే కుర్రోడు చిన్న ర్యాంక్ అయినా ఏం కనపడినా గట్టిగా అరిచి చెప్పాల, చెప్పకపోతేనే తప్పు. మీ వానికి మొదట్లో పడే డ్యూటీల్లో అదొకటి. చిల్కాకు పోయేలోపల ఈత బాగా నేర్చుకోమను, అక్కడ స్విమ్మింగ్ టెస్ట్ ఉంటాది, మన సీమ పిల్లోళ్లు చానామంది దాని దగ్గరే ఇబ్బంది పడతారు.