పరాకాష్ఠకు మళ్లీ ‘స్థాయి’ ఎందుకు?

‘వివాదం పరాకాష్ఠ స్థాయికి చేరింది’ అన్న వాక్యంలో తప్పేమిటని అడిగారు. తప్పు ‘స్థాయి’లో ఉంది. పరాకాష్ఠ విశేషణం కాదు, నామవాచకం. ‘పరా’ అంటే చిట్టచివరి, ‘కాష్ఠా’ అంటే హద్దు. చేరవలసిన చివరి చోటును ఆ మాటే చెబుతోంది కాబట్టి దానికి ఇంకో స్థాయి తగిలించనక్కరలేదు. ‘వివాదం పరాకాష్ఠకు చేరింది’ అంటే సరిపోతుంది. ‘అత్యంత పరాకాష్ఠ’ అయితే మరీ అన్యాయం. చివరి హద్దుల్లో మళ్లీ ఎక్కువ తక్కువలు ఉండవు కదా!

‘గరిష్ఠ స్థాయి’ సరైనదే కదా, ఇదెందుకు కాదని ఒకరు అన్నారు. గరిష్ఠ విశేషణం. దాని పక్కన స్థాయి, ఉష్ణోగ్రత, ధర ఏదో ఒకటి ఉంటేనే నిలబడుతుంది. కొలవగలిగిన వాటికి, అంకె చెప్పగలిగిన వాటికి గరిష్ఠ వాడండి. వివాదాన్ని డిగ్రీల్లో కొలవలేం కాబట్టి దానికి పరాకాష్ఠ.

‘పరాకాష్ఠానికి చేరింది’ అని రాసేవారూ ఉన్నారు. ఇది ఇంకా చిక్కు. సంస్కృతంలో కాష్ఠా స్త్రీలింగం. తెలుగులోకి వచ్చేసరికి సీతా సీత అయినట్టు, కాష్ఠా కాష్ఠ అవుతుంది. కాబట్టి పరాకాష్ఠకు, పరాకాష్ఠను, పరాకాష్ఠలో. కాష్ఠం అని సున్న పెట్టారా, అది వేరే మాట. దాని అర్థం కట్టె. ఏళ్ల తరబడి ఆరని గొడవను ‘రావణకాష్ఠంలా రగులుతోంది’ అంటామే, ఆ కాష్ఠం అది. పరాకాష్ఠానికి చేర్చడమంటే వివాదాన్ని చితి మీదికి ఎక్కించడమే.

ఇక అసలు చర్చ. ‘దిగజారుడుతనానికి పరాకాష్ఠ’ అన్న పత్రికల వాడుకను ఇద్దరు ముగ్గురు ఎగతాళి చేశారు. దిగజారేదానికి శిఖరం ఎలా ఉంటుందని వారి వాదన. నేను పత్రికల పక్షం. కాష్ఠలో ఎత్తు లేదు, అంచు మాత్రమే ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశం దిక్కులకు చెప్పిన పేర్లలో కాష్ఠ ఒకటి. నానార్థాల్లో ఇదే మాటకు ఉత్కర్ష, స్థితి, దిక్కు అని అర్థాలిచ్చింది. కఠోపనిషత్తు పురుషుడికి, అంటే పరమాత్మకు, పైన మరేమీ లేదని చెప్పి ‘సా కాష్ఠా సా పరా గతిః’ అంటుంది. అదే ఆఖరు, అంతకు మించి పోవడానికి చోటు లేదని. ఆ ఆఖరు పైన ఉండవచ్చు, కింద ఉండవచ్చు, పక్కన ఉండవచ్చు. కాబట్టి దిగజారుడుతనానికి పరాకాష్ఠ నిక్షేపంగా ఉంటుంది. ‘దిగజారుడుతనం శిఖరానికి చేరింది’ అంటే మాత్రం నవ్వండి, నేనూ కలుస్తాను.

నా ఫిర్యాదు వేరే. ఈ మాటను మనం నిర్లక్ష్యానికి, అహంకారానికి, క్రూరత్వానికి అప్పగించేసి చేతులు దులుపుకున్నాం. యోగసూత్రాల మీద వ్యాసభాష్యంలో ‘జ్ఞానస్యైవ పరాకాష్ఠా వైరాగ్యమ్’ అని ఉంది. జ్ఞానం పండి ఆఖరి హద్దు చేరితే అదే వైరాగ్యమని. అలాంటి ఇంట పుట్టిన మాట ఈ రోజు రోడ్డు మీద గుంతల వార్తలో తప్ప కనబడటం లేదు. ‘ఆమె సహనానికి ఇది పరాకాష్ఠ’, ‘ఆ శిల్పి నేర్పుకు ఈ స్తంభం పరాకాష్ఠ’ అని కూడా రాయండి. ఎవరూ తప్పు పట్టరు. పట్టినా భాష్యం చూపించవచ్చు.

శిఖరానిది వేరే స్వభావం. అది కంటికి కనబడాలి, కాలికి అందాలి. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అక్కడ ఇంకే మాటా ఇమడదు. కీర్తి శిఖరాలు, విజయ శిఖరాలు అన్నప్పుడు కూడా ఎక్కడం, దిగడం అనే ఊహ లోపల ఉంటుంది. అందుకే కీర్తి శిఖరం నుంచి జారిపడవచ్చు గానీ పరాకాష్ఠ నుంచి జారిపడటం వినం. గుడి విషయంలో ఇంకో మెలిక ఉంది. ఉత్తరాది నాగర శైలిలో గర్భగుడి మీది కట్టడమంతా శిఖరమే. మన ద్రావిడ శైలిలో ఆ కట్టడమంతా విమానం, దాని మీద టోపీలా కూర్చున్న పై భాగమే శిఖరం, ఆ పైన కలశం. ‘శిఖరం మీద కలశం’ అన్నది అందుకే పునరుక్తి కాదు. శ్రీశైలం దారిలో శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరాన్ని చూస్తారు. కొమ్ముకూ కొండ కొనకూ సంస్కృతంలో ఒకటే మాట, శృంగం.

తారస్థాయి సంగీతం నుంచి వచ్చింది. మంద్ర, మధ్య, తార స్థాయిల్లో పైది. దాని పైన అతితార కూడా ఉంది. లెక్క ప్రకారం చూస్తే తారస్థాయి ఆఖరిది కాదన్నమాట. అయినా ఉత్కంఠ, అరుపులు, ప్రచార హోరు వంటి వాటికి ఇదే నప్పుతుంది, వాటిలో ఏదో ఒక చప్పుడు ఉంటుంది కాబట్టి. ‘నిశ్శబ్దం తారస్థాయికి చేరింది’ అని మొన్నెక్కడో చదివాను. కవి గారు కావాలనే రాసి ఉంటే దండం పెడతాను.

సినిమా క్లైమాక్స్‌ను పతాక సన్నివేశం అనడం గురించి కూడా అడిగారు. నాటక శాస్త్రంలో పతాక అంటే ప్రధాన కథకు తోడుగా దూరం దాకా నడిచే ఉపకథ, రామకథలో సుగ్రీవుడి వృత్తాంతంలాగా. సినిమావాళ్ల పతాకకు దానితో చుట్టరికం లేదు. జెండా ఎగిరే చోటు అన్న ఊహతో స్థిరపడిపోయింది, వాడుకోండి.

అచ్చతెలుగులో కొన, కొస, తుద, చిటారు కొమ్మ ఉన్నాయి. కానీ కోపమో వ్యవహారమో ఆఖరి దశకు వచ్చిందనడానికి మనవాళ్లు ఎత్తుల జోలికే పోలేదు, ‘ముదిరి పాకాన పడింది’ అన్నారు. వివాదం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, శీర్షికలో చోటు ఉంటే నేనైతే ఇదే పెడతాను.

రాతలో రెండు జాగ్రత్తలు. పరాకాష్ఠలో ష కింద ఠ వత్తు. శ్రేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ, నిష్ఠ, ప్రతిష్ఠ కూడా అంతే. ఇష్టం, కష్టం, నష్టం, విశిష్టం మాత్రం ట. పలుకులో తేడా వినబడదు కాబట్టి కన్నే గుర్తు పెట్టుకోవాలి. రెండోది ‘ఉచ్ఛ స్థితి’. జ్యోతిషంలో సూర్యుడికి మేషరాశి ఉచ్చ, తుల నీచ. ఆ ఉచ్చలో చ కింద చ వత్తే. ఛ వత్తు ఉచ్ఛ్వాసకు, ఉచ్ఛిష్టానికి, అంటే ఎంగిలికి. గౌరవంగా రాద్దామనుకుని ఎంగిలి వత్తు పెట్టకండి.